ముప్పై ఐదో వంతు సైనిక వాహనం: దసరా సెలవుల్లో పిల్లల చేతికి ఒక పాఠం



దసరా సెలవులకు ముందు జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇన్ని రోజులు ఫోన్ పట్టుకోకుండా ఏం చేయించాలి టీచర్?" ఈ నెల స్టడీ పేజీలో దానికి ఒక జవాబు ఇస్తున్నాం. అది ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కట్టడం, దానికి రంగులు వేయడం. 7 నుంచి 10వ తరగతి పిల్లలకు ఇది సరిపోతుంది. ఇందులో నిష్పత్తి, ఘనపరిమాణం, ఆర్కిమెడిస్ సూత్రం, పాలిమర్లు, కేశనాళికీయత అన్నీ వస్తాయి. పుస్తకంలో చదివిన ఈ మాటలు వాళ్ల వేళ్ల కిందికి వస్తాయి.

ఒక్కటే షరతు. మోడల్ పిల్లల చేతుల్లోనే తయారు కావాలి. మీరు కట్టిచ్చినా, డబ్బిచ్చి బయట చేయించినా ఇందులో పాఠం మిగలదు. ఎందుకో కింద వివరిస్తాను.

స్కేల్ మోడల్ అంటే ఏమిటి?

ఆటబొమ్మకు కొలతలతో పనిలేదు. స్కేల్ మోడల్‌కు కొలతే ప్రాణం. 1/35 స్కేల్ అంటే అసలు వస్తువులోని ప్రతి పొడవునూ 35తో భాగించి చేసిన నమూనా అని అర్థం. 1/72, 1/48 స్కేళ్లు కూడా ఉన్నాయి. సైనిక వాహనాల మోడళ్లలో మాత్రం 1/35 బాగా ప్రసిద్ధి.

పిల్లలు "35 ఎందుకు? 30 గానీ 40 గానీ ఎందుకు కాదు?" అని అడుగుతారు. అడగాలి కూడా. జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా సంస్థ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంక్ మోడల్ తయారుచేసింది. అది మోటారుతో నడిచే మోడల్ కాబట్టి, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టారు. తర్వాత లెక్క చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు అయింది. తర్వాతి మోడళ్లకూ అదే కొలత ఉంచారు, మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. ఒక ప్రమాణం ఎప్పుడూ సిద్ధాంతం నుంచే పుట్టదని, బ్యాటరీ సైజు నుంచి కూడా పుట్టవచ్చని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

మనం తీసుకున్న ఉదాహరణ: బీఎంపీ-2

ఈ పాఠానికి బీఎంపీ-2 అనే వాహనాన్ని ఎంచుకున్నాం. ఇది సోవియట్ యూనియన్‌లో రూపొందింది. భారత సైన్యం కోసం దీన్ని 'సారథ్' పేరుతో సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో తయారుచేశారు. 1984లో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారాన్నే మనం మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అంటాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ పేరు పరిచయమే.

చూడటానికి ట్యాంకులా ఉన్నా ఇది ట్యాంకు కాదు. దీన్ని పదాతి దళ పోరాట వాహనం అంటారు. సైనికులను లోపల కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం దీని పని. నడిపేవాళ్లు ముగ్గురు, ప్రయాణించే సైనికులు ఏడుగురు. పైన తిరిగే టరెట్‌లో 30 మి.మీ. ఫిరంగి ఉంటుంది. ఒక్కో వైపు ఆరు చక్రాలు, వాటి చుట్టూ ట్రాక్ అనే ఇనుప పట్టా ఉంటాయి. ఇది నీళ్లలో కూడా తేలుతూ వెళ్తుంది.

రష్యాకు చెందిన జ్వెజ్దా, చైనాకు చెందిన ట్రంపెటర్ సంస్థలు 1/35 స్కేల్‌లో బీఎంపీ-2 కిట్లు తెచ్చాయి. అయితే ఇందులో చిన్న ముక్కలు ఎక్కువ. మొట్టమొదటిసారి చేసే పిల్లలకు తక్కువ ముక్కలున్న జీప్ లాంటి కిట్ ఇవ్వడం మంచిది. పద్ధతి దేనికైనా ఒకటే.

కిట్ తెరవకముందే నోట్‌బుక్ తెరవండి

ముందుగా ఈ లెక్కలు పిల్లల చేత చేయించండి. కాలిక్యులేటర్ వద్దు.

బీఎంపీ-2 పొడవు 673.5 సెం.మీ. దాన్ని 35తో భాగిస్తే సుమారు 19.2 సెం.మీ.
వెడల్పు 315 సెం.మీ. భాగిస్తే 9 సెం.మీ.
ఎత్తు 245 సెం.మీ. భాగిస్తే 7 సెం.మీ.
175 సెం.మీ. ఎత్తున్న మనిషి 5 సెం.మీ. అవుతాడు.

ఇప్పుడు ఇంట్లో అందరి ఎత్తులూ కొలిచి 35వ వంతు ఎంతో రాయమనండి. నాన్న, అమ్మమ్మ, చెల్లి అందరూ వేలెడంత అయిపోతారు. పిల్లలు నవ్వుకుంటూ పది భాగహారాలు చేసేస్తారు.

తర్వాతి మెట్టు కొంచెం కష్టం. పొడవు 35వ వంతైతే బరువు కూడా 35వ వంతేనా? చాలామంది పిల్లలు 'అవును' అంటారు. కాదు. వైశాల్యంలో 35 రెండుసార్లు వస్తుంది, అంటే 1,225వ వంతు. ఘనపరిమాణంలో మూడుసార్లు వస్తుంది, అంటే 42,875వ వంతు. బీఎంపీ-2 బరువు సుమారు 14.3 టన్నులు, అంటే 14,300 కిలోలు. దాన్ని 42,875తో భాగిస్తే సుమారు 333 గ్రాములు. పద్నాలుగు టన్నుల వాహనం అరకిలో కూడా తూగని వస్తువైంది! తొమ్మిదో తరగతిలో ఘనపరిమాణం పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఈ ఒక్క లెక్కతో చాలామందికి ఎక్కుతుంది.

మూడో లెక్క తేలడం గురించి. 14.3 టన్నుల వాహనం తేలాలంటే 14.3 టన్నుల నీటిని, అంటే సుమారు 14.3 ఘనపు మీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. మోడల్ స్కేల్‌లో అది సుమారు 333 మిల్లీలీటర్లు. ఇంట్లో కొలత గ్లాసుతో 333 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చూపించండి. ఆర్కిమెడిస్ సూత్రం కళ్ల ముందు ఉంటుంది.

కావలసినవి

కిట్, సైడ్ కట్టర్, క్రాఫ్ట్ నైఫ్, ఎమెరీ పేపర్ (400, 600, 1000 నంబర్లు), పట్టకారు, ప్లాస్టిక్ మోడల్ సిమెంట్, నీటితో పలచన చేసే యాక్రిలిక్ రంగులు, మూడు సైజుల బ్రష్‌లు, పాత న్యూస్‌పేపర్లు, బట్టల క్లిప్పులు. స్ప్రే గన్ అవసరం లేదు.

మామూలు ఫెవికాల్ ఎందుకు పనికిరాదో పిల్లలకు చెప్పండి. అది చెక్కలోకి, కాగితంలోకి ఇంకి పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌లోకి ఇంకదు. ఈ కిట్లను పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. మోడల్ సిమెంట్‌లోని ద్రావణి రెండు ముక్కల అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. మెత్తబడిన అంచుల్లోని పొడవైన అణుగొలుసులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ద్రావణి ఆవిరయ్యాక రెండు ముక్కలూ ఒకే ముక్కవుతాయి. అంటే ఇది అంటించడం కంటే అతుకు వేయడానికి దగ్గర. అందుకే సిమెంట్ ఎక్కువైతే బలం పెరగదు, ముక్కే కరిగి పాడవుతుంది.

కట్టే పద్ధతి

మొదటి రోజు ఏమీ అంటించకూడదు. సూచనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలి. ముక్కలన్నీ చట్రాలకు అతికి ఉంటాయి, ప్రతిదానికీ నంబరు ఉంటుంది. చట్రాలను కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు సరిగా పట్టదు.

ముక్కను చట్రం నుంచి చేత్తో విరవకూడదు. సైడ్ కట్టర్‌తో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొనను రెండోసారి కత్తిరించి, ఎమెరీ పేపర్‌తో నున్నగా చేయాలి. ఎమెరీ పేపర్‌ను నీటితో తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవదు.

అంటించే ముందు ప్రతి ముక్కనూ సిమెంట్ లేకుండా అమర్చి చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. 1/35 మోడల్‌లో 1 మి.మీ. సందు అంటే అసలు వాహనంలో 35 మి.మీ. సందు. అంత సందుతో వాహనం నీళ్లలోకి దిగితే ఏమవుతుందో పిల్లల్నే అడగండి.

మొదట కింది బాడీ, ఇరుసులు. తర్వాత చక్రాలు. పన్నెండు చక్రాలూ చదునైన బల్ల మీద ఒకేసారి ఆనాలి. అందుకని సిమెంట్ పూర్తిగా గట్టిపడకముందే బల్ల మీద పెట్టి సరిచూసి, ఆ తర్వాత రాత్రంతా కదపకుండా వదిలేయాలి. టరెట్, ట్రాకులు, చిన్న పనిముట్లు విడివిడిగా కట్టి పక్కన పెట్టుకుంటే రంగు వేయడం సులువు. అన్నీ అంటించేశాక ట్రాకుల వెనక్కి బ్రష్ వెళ్లదు.

కట్టడానికి రోజుకు గంట చాలు. ఎక్కువ సమయం ఆరడానికే పోతుంది. ఆరేలోగా పిల్లలు అసహనపడతారు, "అయిపోయిందిలే" అంటారు. వీడియో అయితే ముందుకు జరపవచ్చు, దీన్ని జరపలేరు. ఎదురుచూడటం కూడా పనిలో భాగమేనని వాళ్లకు తెలియాలి.

రంగులు వేసే పద్ధతి

మొదట పలచని ప్రైమర్ పూత. ఇది రంగు పట్టడానికే కాదు, అంతవరకు కనిపించని గీతలు, సందులు బయటపడటానికి కూడా ఉపయోగపడుతుంది. కనిపించినవి పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, మళ్లీ ప్రైమర్ వేయాలి.

తర్వాత మూలరంగు. ఆకుపచ్చతో మొదలుపెట్టవచ్చు. మందంగా ఒక పూత వేస్తే చిన్న చిన్న నట్లు, గీతలు అన్నీ మూసుకుపోతాయి. పలచగా రెండు మూడు పూతలు వేయాలి. మొదటి పూత అడ్డంగా వేస్తే, అది ఆరాక రెండోది నిలువుగా వేయాలి. వాన పట్టిన రోజుల్లో, సముద్రతీర ఊళ్లలో గాల్లో తేమ ఎక్కువ కాబట్టి ఆరడానికి ఇంకా సమయం ఇవ్వండి. తొందరపడి హెయిర్ డ్రైయర్ వేడి గాలి పెట్టవద్దు, సన్నని ముక్కలు వంగిపోతాయి.

గుర్తులు, నంబర్లు ఉన్న స్టిక్కర్లను నీటిలో నానబెట్టి జరిపి అతికిస్తారు. అతికించే చోట ముందుగా మెరుపు వార్నిష్ వేయాలి. గరుకు ఉపరితలం మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

ఆ తర్వాత పిల్లలకు బాగా నచ్చే పని. ముదురు గోధుమరంగును బాగా నీళ్లలా చేసి, గీతల దగ్గర బ్రష్ మొనతో తాకిస్తే రంగు తనంతట తానే గీత వెంట పరుగెడుతుంది. దీన్ని వాష్ అంటారు. కేశనాళికీయత అంటే ఇదే. దీపం వత్తి నూనెను పైకి లాగేది కూడా ఈ గుణం వల్లే. చివరగా బ్రష్‌కు లేత రంగు అద్ది, దాదాపు అంతా కాగితం మీద తుడిచేసి, అంచుల మీద తేలిగ్గా రుద్దితే అంచులు వెలుగు పడినట్టు కనిపిస్తాయి. దీన్ని డ్రై బ్రషింగ్ అంటారు.

మట్టి, తుప్పు ఎంత వేయాలి? దీనికీ లెక్క ఉంది. మోడల్‌ను 40 సెం.మీ. దూరం నుంచి చూస్తే, అసలు వాహనాన్ని 14 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి చిన్న గీరలు కనిపించవు. వీధిలో ఆగిన లారీని 14 మీటర్ల దూరంలో నిలబడి చూపించండి. దుమ్ము ఎక్కడ పేరుకుంది, ఎక్కడ రంగు పోయింది, నీళ్లు ఎలా కారాయి అని పిల్లలు గమనిస్తారు. రంగు వేయడమంటే ముందు చూడటం నేర్చుకోవడమే.

తల్లిదండ్రుల వంతు

గత ఏడాది ఎనిమిదో తరగతి ఎగ్జిబిషన్‌లో రెండు మోడళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నిగనిగలాడుతోంది. "ఇది ఏ స్కేల్?" అని అడిగితే ఆ బాబు వెనక్కి తిరిగి వాళ్లమ్మ వైపు చూశాడు. రెండో మోడల్‌లో ఒక చక్రం బల్లకు ఆనలేదు. అడిగితే ఆ పాప వెంటనే చెప్పింది: "జిగురు ఆరకముందే కదిపాను టీచర్. 1 మి.మీ. పైకి వచ్చింది. అసలు బండిలో అయితే మూడున్నర సెంటీమీటర్లు తేడా." పాఠం ఎవరికి అందిందో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి బాబును తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజు వాడి ముఖంలో కనిపించింది సిగ్గు. తన పేరుతో ఉన్న వస్తువు గురించి తనకే తెలియకపోవడం పిల్లలకు చాలా బాధ కలిగిస్తుంది. ప్రేమతో, మార్కుల కోసం మనం చేసిచ్చే పని ఒక్కోసారి "నీ చేతులతో కాదు" అని చెప్పినట్టే వాళ్లకు వినిపిస్తుంది.

కాబట్టి దయచేసి ఇవి పాటించండి:

1. బ్లేడు, సిమెంట్ వాడేటప్పుడు పక్కన కూర్చోండి. కిటికీలు తెరిచి ఉంచండి. చిన్న ముక్కలు, సీసాలు ఇంట్లో పసిపిల్లలకు అందకుండా పెట్టండి.

2. ముక్క విరిగితే కోప్పడవద్దు. ఈ ప్లాస్టిక్‌లో విరిగినది మళ్లీ అతుకుతుంది, తప్పుగా వేసిన రంగు మీద మళ్లీ రంగు వేయవచ్చు. పరీక్ష పేపర్‌లో కొట్టివేతకు మార్కు పోతుంది, ఇక్కడ పోదు. తప్పును సరిదిద్దే అవకాశం ఉన్న పని మన పిల్లలకు ఎంత అరుదో ఆలోచించండి.

3. "ఇదేంటి ఇలా చేశావు?" అనే బదులు "ఇది ఇలా ఎందుకు వచ్చింది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

4. పక్కింటి వాళ్ల మోడల్‌తో పోల్చవద్దు.

5. సెలవులు అయిపోతున్నా పూర్తికాకపోతే అలాగే పంపండి. సగం కట్టిన మోడల్‌నూ తీసుకుంటాం. మిగతాది దీపావళికి పూర్తవుతుంది.

ఇది యుద్ధ వాహనమని మరచిపోవద్దు

కొందరు తల్లిదండ్రులకు ఒక సందేహం ఉంటుంది. పిల్లల చేతికి యుద్ధ వాహనం ఎందుకు అని. న్యాయమైన సందేహమే. ఆయుధాల మీద మోజు పెంచడం మా ఉద్దేశం కాదు. మొబైల్ గేముల్లో పిల్లలు ఇలాంటి వాహనాలను నిమిషానికి ఒకటి పేలుస్తున్నారు. అక్కడ లోపల మనుషులు కనిపించరు. మోడల్ కట్టేటప్పుడు కనిపిస్తారు.

కాగితంతో 5 సెం.మీ. మనుషులను పదిమందిని కత్తిరించమనండి. వాళ్లను మోడల్ పక్కన వరుసగా నిలబెట్టండి. 19 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు, టరెట్‌తో కలిపి 7 సెం.మీ. ఎత్తున్న ఈ పెట్టెలో ఇంజిన్, ఫిరంగి, మందుగుండుతో పాటు ఈ పదిమందీ సర్దుకోవాలి. వెనక భాగంలో సైనికులు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. వాళ్లు దిగే వెనక తలుపుల్లోపలే ఇంధనం నింపే ఖాళీ ఉంటుంది. ఈ మాట చెప్పాక ఏ పిల్లవాడైనా ఒక్క క్షణం మాట్లాడడు.

ఉక్రెయిన్ యుద్ధంలో రెండు వైపులా ఈ బీఎంపీ-2ను కూడా వాడారు. కాలిపోయిన వాహనం వీడియో ఫోన్‌లో కనిపించినప్పుడు, అందులో ఎంతమంది పడతారో లెక్క తెలిసిన పిల్లలు దాన్ని వేరేగా చూస్తారు. సైనికుల మీద గౌరవం, యుద్ధం మీద జాగ్రత్త రెండూ ఒకేసారి నేర్పవచ్చు. దీనికి మీ ఇంట్లో పది నిమిషాల మాటలు చాలు.

పిల్లలను అడగండి

1. 30 మి.మీ. ఫిరంగి గొట్టం రంధ్రం మోడల్‌లో ఎంత ఉండాలి?
2. 10 మీటర్ల పొడవున్న బస్సు 1/35 మోడల్ పొడవు ఎంత? 1/72లో ఎంత?
3. లెక్క ప్రకారం మోడల్ 333 గ్రాములు ఉండాలి. వంటింటి త్రాసులో తూస్తే మీ మోడల్ తక్కువ ఎందుకు తూగుతుంది?
4. మీ మోడల్ బాడీలో రంధ్రాలన్నీ మూసేసి నీటిలో పెడితే, అసలు వాహనం కంటే ఎక్కువ మునుగుతుందా, తక్కువా?

జవాబులు: 1. సుమారు 0.86 మి.మీ. 2. సుమారు 28.6 సెం.మీ., 13.9 సెం.మీ. 3. అసలు వాహనం ఎక్కువగా లోహం. పాలిస్టైరీన్ సాంద్రత ఉక్కు సాంద్రతలో ఏడో వంతు కూడా ఉండదు. పైగా మోడల్ లోపల ఇంజిన్, మందుగుండు, మనుషుల బరువు లేదు. 4. 333 గ్రాముల కంటే తేలిక కాబట్టి తక్కువ మునుగుతుంది.

సెలవుల తర్వాత మోడల్‌తో పాటు ఒక పేజీ రాసి పంపండి. ఆ పేజీ పిల్లలే, సొంత మాటల్లో రాయాలి. ఏ ముక్క దగ్గర ఆగిపోయారు, ఎక్కడ తప్పు జరిగింది, దాన్ని ఎలా సరిచేశారు అన్న మూడు విషయాలు చాలు. మేం ముందు ఆ పేజీ చదువుతాం, తర్వాతే మోడల్ చూస్తాం. దీనికి ర్యాంకులు లేవు.

మీకూ మీ కుటుంబానికీ దసరా శుభాకాంక్షలు.